అత్త వేసే ముడి

బుధవారం, కళింగపట్నం

పది రోజులుగా మా పచ్చళ్ళ సీసాల కోసం ఫోన్లో ఏ లేబుల్ గీసి చూపించినా అత్త "బాగున్నాదే" అనేసేది. ఇవాళ అచ్చయి వచ్చినవాటిని సీసాలకు తనే మురిపెంగా అంటించింది. వెళ్ళి చూస్తే నెత్తళ్ళ చేపల పచ్చడి మీద "ఎండు రొయ్యల పొడి" అనుంది, పొడి మీద పచ్చడి పేరుంది.

అత్తకు చదువు రాదు. ఈ ఇంటికొచ్చి నాలుగేళ్ళయినా నాకా సంగతే తెలియలేదు. నా మీద నాకే ఎంత కోపమొచ్చిందో. అడిగితే చిన్నబుచ్చుకుంటుందేమో అనుకుంటూనే అడిగాను.

"మరి ఇన్నాళ్ళూ ఏ సీసా ఏదో ఎలా పోల్చుకున్నావత్తా?"

"ముడి సూసి," అంది.

మూతికి గుడ్డ చుట్టి వలదారంతో కడుతుంది కదా, పొడికి ఒక ముడి, పచ్చడికి రెండట. సాయంత్రం ఆ ముడినే పెద్దగా లోగోలా గీసి ఫోను చేతికిచ్చాను. కళ్ళు చిట్లించి, గీత వెంబడే వేలు పోనిచ్చింది.

"ఒసే, ఇదేటి ముడే? లాగితే ఊడిపోతాది. కొస లోపల్నుంచి రావాల. మళ్ళీ గియ్యి!"

నాలుగుసార్లు గీయించింది. ఇంకా బాగున్నాదనలేదు.