మా ఇంటిపేరువాడు

ఆదివారం రాత్రి, ఇబ్రహీంపట్నం

ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. అంట్లు తోమి వచ్చి కూర్చున్నాను.

సాయంత్రం రవి వాళ్లమ్మను వెంటబెట్టుకుని బడంగ్‌పేట్ నుంచి సంబంధం మాట్లాడటానికి వచ్చాడు. ఆఫీసులో ఇన్నాళ్లూ మా ఇద్దరి పేర్ల ముందూ 'పి' అన్న అక్షరమే. పెళ్లయినా నా సంతకం మారదని నవ్వుకున్నామే తప్ప, ఇంటిపేరేమిటని ఒకరినొకరం అడగలేదు.

"మేం పసుపులవారమండి, గుంటూరు వైపు" అంది వాళ్లమ్మ.

బాపు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మాది గూడ పసుపులనే. ఇంటిపేరొక్కటైతే పిల్లలు అన్నాచెల్లెండ్లయితరు గదమ్మా."

"ఎక్కడి గుంటూరు, ఎక్కడి ఇబ్రహీంపట్నం! చుట్టరికం ఎలా ఉంటుందండీ?"

బాపు వినలేదు.

ఒకప్పుడు మా వాడంతా పసుపులవాళ్లే. వెంచర్లు వచ్చి పొలాలు అమ్ముకున్నాక తలో దిక్కూ పోయారు. ఇప్పుడు ఆ ఇంటిపేరుతో మిగిలింది మా ఇల్లొక్కటే. రేపు తన పాడె మోయడానికి పాలివాళ్లు ఎవరున్నారని బాపుకు ఎప్పుడూ అదే ఫికర్.

అందుకేనేమో, వాళ్లు వెళ్తుంటే గేటు దగ్గర రవి భుజం మీద చెయ్యి వేశాడు. ముఖంలో నిజంగానే సంతోషం.

"ఈడ మనోళ్లు ఎవ్వరు లేరు కొడుకా. రాఖీ పున్నమికి తప్పకుండ రా."

రవి తలూపాడు.