మెచ్చుకున్న బొంగురు గొంతు

వెర్లిన్ అన్నయ్యకి,

అక్టోబరు దూడల వేలం అయ్యేదాకా ఆపరేషన్ వాయిదా వేసుకోమని రాశావు. వేసుకోను.

మార్చిలో నా గొంతు బొంగురుపోతే, "ఇదిరా అసలైన వేలంపాటగాడి గొంతంటే" అని రైతులందరి ముందూ వీపు తట్టావు. విస్కీలో తేనె కలిపి తాగించావు. నేనూ మురిసిపోయాను. అప్పుడా క్యాన్సర్ గడ్డ ఒక స్వరతంత్రి మీద బఠాణీ గింజంత కూడా లేదట, రేడియేషన్‌తో పోయేదట. ఆరు నెలలు నేను నీ పశువులకి ధరలు అరుస్తూ ఉంటే అది రెండో తంత్రికి పాకి, మెత్తటి ఎముకని తొలుచుకుని మెడ కండలోకి దిగింది. గురువారం స్వరపేటిక మొత్తం తీసేస్తారు.

"మూడు వారాలు గొంతు అలా ఉంటే చూపించుకోమని ఎవరూ అనలేదా?" అంది డాక్టరమ్మ. మా దగ్గర దానికి చప్పట్లు కొడతారని చెప్పడానికి సిగ్గేసింది.

నిన్న నీ కూతురు మార్లిస్ ఫోన్ చేసింది. నెల నుంచీ దాని గొంతూ బొంగురేనట. నాన్న తెగ మెచ్చుకుంటున్నాడని సంబరంగా చెప్పింది. శనివారం వేలం పాడటానికి దాని బదులు ఇంకెవరినైనా చూసుకో. రేపు దాన్ని డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తున్నాను.

నన్ను తిట్టాలనుంటే గురువారం లోపు ఫోన్ చెయ్యి. ఆ తర్వాత నేను తిరిగి తిట్టలేను.

నీ తమ్ముడు