అందరూ దిగారా

దిల్‌సుఖ్‌నగర్,
9 అక్టోబరు 2011.

చిరంజీవి మృదులకు,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ క్షేమం. ఈ చోట "అందరం క్షేమం" అని రాయడం మీ అమ్మ పద్ధతి. నేను ఒక్కడినే కనుక ఒక మాట తగ్గించాను. నువ్వూ, అల్లుడూ, తన్మయీ బాగున్నారని తలుస్తాను. తన్మయికి పాలపన్ను ఊడిందన్నావు. ఇంటి కప్పు మీద వేయించావా, లేక దిండు కింద దాచుకుందా?

ఫోనులో చెప్పకుండా ఉత్తరం ఎందుకంటావేమో. నువ్వు ఉత్తరం రాశావు కాబట్టి. పైగా ఫోనులో నేను రెండు మాటలు అనేలోపు నీ వార్డులో ఎవరో పిలుస్తారు.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. రెండు పూటలా తింటున్నాను. వంట నేనే. పప్పుచారు కుదురుతోంది. కందిపచ్చడి కుదరడం లేదు. మీ అమ్మ కందిపప్పు ఎంతసేపు వేయించేదో నేను ఎప్పుడూ చూడలేదు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. కరెంటు కోతలు అందరికీ ఉన్నట్టే మనింటికీ ఉన్నాయి. కరెంటు ఇంజనీరు ఇల్లు కదా, మీకు ఉండవేమోనని కింది వాటా వాళ్ళకు అనుమానం ఉండేది. ఇప్పుడు తీరింది.

తెలంగాణ సమ్మె సాగుతూనే ఉంది. బస్సులు లేవు, బడులు లేవు. కోచింగు కోసం వచ్చిన పిల్లలు ఊళ్ళకు పోలేక టీ బళ్ళ దగ్గర నిలబడి చదువుకుంటున్నారు. ఆంధ్రావాడినని నన్ను ఎవరైనా ఏమైనా అంటారేమోనని నీ భయం. ఒక్కసారి అన్నారు. అది కింద రాస్తాను.

ఇక నీ అసలు ప్రశ్నలు రెండు. మొదటిది మీ వార్డు నర్సు సూర్యప్రభ సంగతి. ఆమె నీకంటే పెద్ద, సీనియరు. నువ్వు ఇన్‌చార్జివి అయినప్పటి నుంచి ముఖం తిప్పుకుంటోంది. మొన్న డ్యూటీ దిగుతూ, వచ్చే నర్సుకు రోగుల సంగతి అప్పజెప్పకుండా వెళ్ళిపోయింది. ఒకరికి మందు ఆలస్యమైంది. సూపరింటెండెంటు నిన్ను రిపోర్టు అడిగారు. రాస్తే వార్డంతా పగ, రాయకపోతే వార్డంతా లోకువ అన్నావు. "ఇన్నేళ్ళు మనుషుల చేత ఎలా పని చేయించావు నాన్నా" అని అడిగావు. రెండోది నా డెప్యుటేషను సంగతి. అది చివర రాస్తాను. ముందే అక్కడికి దూకకు.

మనుషుల చేత పని ఎలా చేయించాలో నాకు విడిగా తెలియదు. తెలిసింది లైను పని. ఈమధ్య జరిగింది రాస్తాను, నీకు పనికొస్తే తీసుకో.

సెప్టెంబరు ఆఖరి వారంలో కొత్తపేటలో ఒక వీధిలో చెట్టుకొమ్మ విరిగిపడి తీగ తెగింది. ఆ లైను మీదే చిన్న ప్రసూతి ఆసుపత్రి ఉంది. మా సెక్షన్‌లో చాలామంది సమ్మెలో ఉన్నారు. మా పై అధికారి, డీఈ వెంకట్రావు గారు కాంట్రాక్టు మనుషుల్ని పెట్టి కట్టించమన్నారు. నేను ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర టెంటుకు వెళ్ళాను.

"ఏంది సారూ, మీరు గూడ ఒచ్చిండ్రా. కూసోండ్రి, జాగ మస్తుంది" అని ఎవరో అన్నారు. టెంటంతా నవ్వారు.

అంజయ్య ముందు వరసలో ఉన్నాడు. నీకు గుర్తుండాలి, బడంగ్‌పేట్ మనిషి, మీ అమ్మ చేసిన గోంగూర కోసం పని లేకపోయినా మనింటికి వచ్చేవాడు. మా సెక్షన్‌లో సీనియర్ లైన్‌మన్. సంఘం నాయకుడు కూడా.

"మేం సమ్మెల ఉన్నం సార్. మీకెరికే."

"తెలుసు. రమ్మని ఆర్డరు వేయడానికి రాలేదు. వస్తావా అని అడగడానికి వచ్చాను. ప్రసూతి దవాఖాన, అంజయ్యా."

"పెద్దసారు కాంట్రాక్టోల్లను ఎక్కియ్యమన్నడంట గద?"

"అన్నారు. వాళ్ళకు ఆ స్తంభాలు తెలియవు. నేను ఎక్కించను."

పక్కవాళ్ళ ముఖాలు చూశాడు. "నడువుండ్రి. గని బిల్ల తియ్య" అని జేబు మీది ఉద్యమం బిళ్ల చూపించాడు.

"నేను తియ్యమన్నానా?"

ఇద్దరు హెల్పర్లను తీసుకుని వచ్చాడు. ఎల్సీ, అంటే లైన్ క్లియర్, ఏమిటో నీ చిన్నప్పుడు చెప్పాను, మళ్ళీ చెబుతున్నాను. పైకి ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి తన పేరు మీద లైను ఆపిస్తారు. పని అయ్యాక, ఎవరు ఆపించారో వాళ్ళే, అందరూ దిగారని చూసుకుని, ఎల్సీ తిరిగి ఇస్తారు. అప్పుడే కరెంటు వదులుతారు. ఎవరిని ఏ స్తంభం మీద ఉంచాడో, పొరపాటున కరెంటు వచ్చినా నేలలోకి పోయేలా ఎర్తు గొలుసు ఎక్కడ తగిలించాడో ఆ మనిషికే పూర్తిగా తెలుస్తుంది. అందుకని ఆ పద్ధతి. ఆ రోజు ఎల్సీ అంజయ్య పేరు మీద ఉంది.

తీగ కట్టడం అయిపోయింది. అంజయ్య దిగాడు. అప్పుడే ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ పోయే ఊరేగింపు వీధి చివరకు వచ్చింది. హెల్మెటు, నడుముకు బెల్టుతో లైన్‌మన్ కనిపించేసరికి వాళ్ళకు ఉత్సాహం వచ్చింది. "అరే కరెంటన్న" అని భుజాల మీదికి ఎత్తుకున్నారు. డప్పులు, నినాదాలు. ఈయనా పిడికిలి ఎత్తాడు. అలాగే తీసుకుపోయారు. నేను ఫోను చేస్తే అది ఆయన బండికి తగిలించిన సంచిలో మోగుతోంది.

మనిషి చెడ్డవాడు కాదు. పని తెలియనివాడు అంతకన్నా కాదు. వాళ్ళు అన్నేళ్ళుగా ఎదురుచూసిన రోజులు ఇవి. ఒక్క నిమిషం మరిచిపోయాడు.

"అందరం దిగినం సార్, ఇచ్చెయ్యుండ్రి" అన్నాడు హెల్పరు సందీప్. నేను ఏఈని, సెక్షన్ ఇంజనీరుని. నేను చెబితే సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు లైను వేసేస్తాడు. లైను వెంట నడిచి చూశాను. రెండుచోట్ల తీగ ఇళ్ళ వెనక నుంచి పోతుంది. ఎవరూ కనిపించలేదు. ఎవరూ కనిపించలేదు అనడం వేరు, ఎవరూ లేరు అనడం వేరు.

డీఈ గారి ఫోను వచ్చింది.

"సాంబమూర్తీ, ఆసుపత్రి జనరేటర్‌లో డీజిలు అయిపోతోందట. ఆంధ్రావాడు కావాలని కరెంటు ఆపాడంటారు. నీతో పోదు, నాకూ చుట్టుకుంటుంది. వేయించెయ్."

"అంజయ్య రావాలండీ."

"అందరూ దిగారుగా?"

"దిగారని నాకు చెప్పారు. నేను అనలేదండీ."

ఆయన ఫోను పెట్టేశారు.

మీ అమ్మ సాయంత్రం గుమ్మంలో అడిగే మాట నీకు గుర్తుందా? "అందరూ దిగారా?" కూరలో ఉప్పు సరిపోయిందా అన్నట్టు అడిగేది. నేను "దిగారు" అన్నాకే లోపలికి వెళ్ళి కంచం పెట్టేది. ఎందుకు అడిగేదో నేను అడగలేదు. పెళ్ళయిన కొత్తలో మొదలైంది, ఆసుపత్రిలో చేరే ముందు రోజు దాకా అడిగింది.

సందీప్‌ను డబ్బా ఇచ్చి డీజిలు కోసం మలక్‌పేట వైపు పంపాను. ఆసుపత్రి మెట్ల మీద ఒకాయన నిలబడి ఉన్నాడు. ముందు రోజే కూతురు పుట్టిందట.

"పని అయిపాయె గద సారూ. ఎందుకు ఆపిన్రు? మేం మీవోల్లం కాదనా?"

"ఒక మనిషి రావాలి."

"గా మనిషి భుజాలెక్కి ఊరేగుతున్నడు. లోపట నా బిడ్డ ఉన్నది."

డీజిలు వస్తోందని మాత్రం చెప్పాను. చెప్పి, ఊరేగింపు వెంట పడ్డాను.

జనంలో దూరుతుంటే ఒకతను చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎటు పెద్దమనిషీ?"

"అంజయ్య గారు కావాలండీ. లైన్‌మన్."

ఆ ఒక్క ముక్కతో దొరికిపోయాను. "ఓహో. గుంటూరా, కిష్ణానా?"

"తెనాలి."

"తెనాలోల్లకు గీడేం పని? తొవ్వ తప్పినవా?" చుట్టూ నవ్వారు. వెనక నుంచి ఎవరో తోశారు. కళ్ళజోడు పడిపోయింది. నవ్వినవాళ్ళలోనే ఒకరు తీసి ఇచ్చారు. నువ్వు భయపడిన సంగతి ఇంతే.

నేను గొంతెత్తి పిలిచాను. అంజయ్య భుజాల మీద నుంచి వెనక్కు తిరిగి చూశాడు. నా ముఖం చూడగానే ఆయన పిడికిలి కిందికి వచ్చింది.

"దించుండ్రి. అరే, దించుండ్రి నన్ను. మా సారు." దిగీ దిగగానే తల మీద కొట్టుకున్నాడు. "ఆగం జేస్తి సారూ. ఎల్సీ నా తానే ఉండె."

"నడు" అన్నాను. అంతకుమించి అక్కడ ఏమీ అనలేదు. నన్ను ఆపినతనే ముందు నడిచి మాకు దారి చేశాడు.

అంజయ్య లైను వెంట ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. డీజిలుతో తిరిగివచ్చిన సందీప్‌ను, రెండో హెల్పరును పేరు పెట్టి పిలిచి ఎదుట నిలబెట్టాడు. ఎర్తు గొలుసు ఉన్న సంచి విప్పి చూశాడు. అప్పుడు ఫోను చేశాడు. ఆసుపత్రి బోర్డు వెలిగింది.

లైను మీద ఏమైనా ఉందా అని అడుగుతావు. ఏమీ లేదు. గొలుసు ముందే తీసేశాడు, అందరూ దిగే ఉన్నారు. నేను ముందే వేయించి ఉన్నా ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. ఆ పిల్ల కూడా బాగానే ఉంది, జనరేటరు ఆగలేదు. ఆ మెట్ల మీద మనిషి నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన తప్పు లేదు.

జాప్యం ఎందుకు జరిగిందని నాకు మెమో వచ్చింది. ఎల్సీ తిరిగి అందలేదు, సెక్షన్ బాధ్యత నాది అని జవాబు ఇచ్చాను. ఎవరి పేరూ రాయలేదు. దాచనూ లేదు. ఎల్సీ ఎవరిదో సబ్‌స్టేషన్ పుస్తకంలోనే ఉంది, కావాలంటే చూసుకుంటారు.

సద్దుల బతుకమ్మ మర్నాడు అంజయ్య ఇంటికి వచ్చాడు. వాళ్ళావిడ సోమమ్మ రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు పంపింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మెమో నాకు రావాలె సారూ. మీరెందుకు తీస్కున్నరు?"

"ఎల్సీ నీ పేరు మీద ఉంది. సెక్షన్ నా పేరు మీద ఉంది."

"గట్లంటే నన్నేం అనరా?"

"అంటాను. నెల రోజులు నీ పేరు మీద ఎల్సీ ఇవ్వను. ఇంకొకరి కింద పని చెయ్యి."

ఆయన ముఖం ఎర్రబడింది. "ఊరేగింపుల పోయినందుకా?"

"చెప్పకుండా పోయినందుకు. చెప్పి ఉంటే ఎల్సీ తిరిగి తీసుకుని నేనే పంపేవాణ్ణి."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నెలంటే నెలేనా?"

"నెలే."

"మలీద తినుండ్రి మల్ల. చక్కెర బీమారి లేదు గద" అన్నాడు. తిన్నాను. బాగుంది.

సూర్యప్రభ సంగతికి వస్తాను. ముందు ఆమెను విడిగా పిలిచి కూర్చోబెట్టు. ఎందుకు వెళ్ళిపోయావని అడిగి, చెప్పేది పూర్తిగా విను. ఆ తర్వాత రిపోర్టు రాయి. జరిగినంత రాయి. ముఖం తిప్పుకోవడం గురించి రాయకు, అది రోగికి సంబంధించింది కాదు. పంపేముందు ఆమెకు చూపించు. వార్డు బాధ్యత నీదని కూడా అందులో ఉండాలి. ఆమెకు శిక్ష అవసరమైతే నువ్వే వెయ్యి, నలుగురిలో మాత్రం వద్దు. పగ, లోకువ సంగతి నాకు తెలియదు. అంజయ్య నన్ను మెచ్చుకున్నాడో లేదో కూడా తెలియదు. కుర్చీలో కూర్చున్నాడు, అంతే.

ఇక డెప్యుటేషను. నన్ను మీ రాజమండ్రికి వేస్తూ ఉత్తర్వు దసరాకు ముందే వచ్చింది. నేను వద్దని రాసి ఇచ్చాను. నీకు చెప్పలేదు. మెమో వల్ల ఆగిపోయిందని రాద్దామనుకున్నాను. నువ్వు నమ్మేదానివి. పైన ఇదంతా రాశాక అలా రాయడానికి చెయ్యి రాలేదు.

గొడవల్లో ఆంధ్రా సారు వెళ్ళిపోయాడనిపించుకోవడం ఇష్టం లేదన్నది ఒక కారణం. అది చిన్నది. పెద్దది ఇది. కొత్తపేట పని రోజున ఇంటికి వచ్చి తాళం తీసి, చెప్పులు విడుస్తూ "దిగారు" అన్నాను. ఆ ఒక్క రోజే కాదు. మీ అమ్మ పోయినప్పటి నుంచి రోజూ అంటున్నాను. ఎవరూ అడగరు, ఉన్నది నేనొక్కడినే. కానీ సాయంత్రం ఆ గుమ్మంలో ఆ మాట అనాలంటే అది నిజం కావాలి కదా. పగలు ఉద్యోగం దాని మీదే నడుస్తోంది. డీఈ గారితో ఈ సంగతి చెప్పలేకపోయాను, నీకు చెబుతున్నాను.

అక్కడ మీ పై వాటా నాకోసం ఖాళీగా పెట్టించావు. ఇంటివారిని అద్దెకు ఇచ్చేసుకోమను. అల్లుడికి నా మాటగా చెప్పు, నొచ్చుకోవద్దను. అక్కడి గుమ్మంలో ఆ మాట అంటే, ఎవరితో చెప్తున్నావు తాతా అని తన్మయి అడుగుతుంది. దానికి ఇంకా జవాబు సిద్ధం చేసుకోలేదు.

సమ్మె ముగిశాక పిల్లను తీసుకుని నాలుగు రోజులు ఉండేలా రా. సూర్యప్రభ ఏమందో రాయి. కందిపప్పు ఎంతసేపు వేయించాలో కూడా రాయి.

ఇట్లు,
గుమ్మం వదలని మీ నాన్న,
సాంబమూర్తి.