పార్వతి తట్టిన గోడ

కర్నూలు,
ఆదివారం సాయంత్రం.

పూజ్యురాలైన అక్కకు తమ్ముడు శివరామయ్య నమస్కరించి రాసేది. ఇక్కడ నేను క్షేమం. నీ మోకాళ్ళ నొప్పి ఎట్లుంది? నీ ఉత్తరం నిన్న అందింది. నీ మరదలు పార్వతి చివరి రోజు గురించి బావ నీకు సగమే చెప్పినట్టున్నాడు. తక్కినది నేను రాస్తాను.

ఆ రోజు తెల్లవారకముందే ఆమెకు మెలకువ వచ్చింది. జ్వరం దిగలేదు. లేవలేక, పడుకున్నచోటి నుంచే చేయి చాచి గోడ తట్టింది. అవతల మంచం కిర్రుమంది. "లేసినారు," అంది. దీపం పెట్టమంది. పెట్టినాను. నుదుట విభూతి పెట్టమంది. పెట్టినాను. డాక్టరును పిలుచుకొని వద్దామని చెప్పులు వేసుకుంటుండగా పోయింది. ఇంకా ఎండ ఎక్కలేదు.

ఆ గోడకు అవతల దర్జీ ఖాదర్ సాహెబు కాపురం. రెండిళ్ళకూ ఒకే మిద్దె, నడుమ ఒక మట్టిగోడ. ఇది రంజాను నెల. వాళ్ళు చీకటితోనే సహరీ అన్నం తిని, పొద్దు మునిగేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరు. లేపడానికి వచ్చే ఫకీరు డోలు మా సందు దాకా రాదు. పార్వతి ఎట్లాగూ శివపూజకు ఆ వేళకే లేచేది. అందుకని గోడ తట్టే పని తనే పెట్టుకుంది.

"ఏం ఫాతిమాబీ, మా శివుడు స్నానం చేసి కూచున్యాడు. నువ్వింకా గురక పెడతాండావా?" అని ఇవతల నుంచి ఈమె.

"మీ శివునికేమక్కా, నెత్తి మీదే గంగమ్మ ఉండాది. మేము బాయి కాడికి పోవల్ల గదా!" అని అవతల నుంచి సాహెబు భార్య.

పార్వతి ఆచారం ఎంత గట్టిదో నీకు తెలుసు. వాళ్ళింట్లో వండింది ఏనాడూ తినలేదు. పండైతే తీసుకునేది. మన ప్రసాదం ఫాతిమాబీ తీసుకోదు, ఎదమీద చేయి పెట్టి వద్దనేది. ఒకరు వద్దన్నందుకు ఇంకొకరు ముఖం ముడుచుకోవడం నేను చూడలేదు.

ఇక పాడె మోసినవాళ్ళ గురించి బావ కోపం సంగతి. నిప్పుకుండ నేను పట్టుకోవాలి. పాడెకు నలుగురు కావాలి. ఆఫీసు నుంచి ఇద్దరే వచ్చినారు. రాజధాని ఇక్కడికి వచ్చినా మా ఆఫీసు ఇంకా గుడారాల్లోనే నడుస్తోంది. అందరూ మొన్న మొన్న మదరాసు నుంచి దిగినవాళ్ళే, ఒకరికొకరు కొత్త. పండుగ బట్టలు కుట్టే అదునులో దుకాణం మూసి, తమ్ముణ్ణి వెంటబెట్టుకొని ఖాదర్ సాహెబు వచ్చి నిలబడినాడు.

"ఎవుర్ని చూస్తాండావప్పా? మేము లేమా?"

పురోహితుడు నసిగినాడు.

"సామీ, మీ నారాయణ నేననను. నా నోట్లో నా దేవుని మాటే ఉంటాది. భుజం మాత్రం ఆయమ్మకిస్తాండా," అన్నాడు సాహెబు.

పురోహితుడు నా వైపు చూసినాడు. నేను తల ఊపినాను. ఆ నిర్ణయం నాది, ఆయనది కాదు. బావకు ఈ మాట చెప్పు.

తుంగభద్ర ఇసుక కాళ్ళు కాలుస్తోంది. చితికి నిప్పు పెట్టి, నీళ్ళలో మునిగి వచ్చినాను. సాహెబు పెదవులు తెల్లగా పగిలి ఉన్నాయి. దోసిట్లో నీళ్ళు పట్టి తాగమన్నాను. "ఇంకా పొద్దు ఉండాది గదప్పా," అని నవ్వినాడు. నమాజు వేళైంది. ఏట్లో కాళ్ళు చేతులు కడుక్కున్నాడు. నోటి నిండా నీళ్ళు తీసుకొని, పుక్కిలించి, ఇసుకలో ఉమ్మినాడు. ఒక్క చుక్క మింగలేదు. తువ్వాలు పరచి పడమటికి తిరిగినాడు.

అక్కా, చిన్నప్పుడు నువ్వు నన్ను మహానందికి తీసుకపోయినావు. కోనేటి అడుగున రాళ్ళు కూడా కనిపించే ఆ తేట నీళ్ళను చూసి నేను నీ చేయి గట్టిగా పట్టుకున్నాను. భయమో సంతోషమో తెలియలేదు. అదే మళ్ళీ కలిగింది. అటు చితి మండుతోంది. ఇటు ఆయన నుదురు నేలకు ఆనింది. శివా అనుకుంటూ నిలబడినాను. ఆ మాట అంత నిండుగా నా నోట ఎన్నడూ రాలేదు.

ఇల్లు మారి, మహానందిలో శుద్ధిస్నానం చేసేదాకా మీ గడప తొక్కవద్దని బావ మాటగా రాసినావు. మహానందికి పోతాను. పార్వతి మొక్కుకుంది, అందుకు పోతాను. శుద్ధికి కాదు. ఆమెకు మైల అంటలేదు. ఇల్లు మారను. బావ కోపం నేను భరించగలను. నీ గడప లేకపోతే నాకు ఇంకొక గడప లేదు. అది నీకు తెలుసు. అయినా ఇదే రాస్తున్నాను.

ఇంకొక సంగతి. సూతకం తీరి వారమైంది. దీపం పెట్టడానికి నాకు చేయి రాలేదు. పార్వతి విభూతి పెట్టె కూడా తెరవలేదు. ఈ పొద్దు ఖాదర్ సాహెబు మెట్టు మీద తూలి కూర్చున్నాడు. ఏమైందని అడిగినాను.

"శానా దినాలుగా సహరీ లేదప్పా. మెలకువ రాలేదు. తినకుండానే ఉపాసం పడతాండాము."

"నన్ను లేపమని అడగకూడదా?"

"సావు జరిగిన ఇంట్లో ఏమని అడిగేది?" అన్నాడు.

చేయి అందించి ఆయనను లేపినాను.

నేను అన్నం సరిగానే తింటున్నాను, దిగులు పడవద్దు. ఇక్కడ ఎండలు మన పెన్న ఒడ్డున కంటే ఎక్కువేమీ కాదు. ఎవరైనా ఇటు వస్తే కొంచెం చింతపండు, మన గుడి విభూతి పంపు. ఇంట్లో పెద్దలందరికీ నా నమస్కారాలు. బావ పాదాలకు కూడా. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించు. కోపంతోనైనా సరే, దూరం నుంచైనా సరే, నన్ను ఆశీర్వదించండి.

రేపు చీకటితోనే లేస్తాను. ముందు గోడ తడతాను. అవతల మంచం కిర్రుమన్నాక స్నానం చేసి, శివుని ముందు దీపం పెడతాను.

నీ తమ్ముడు,
శివరామయ్య