రెండు ఎడమ చేతుల కోటు

చిరంజీవి తమ్ముడికి,

అన్నయ్య మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మీ వదినా, కొట్లో రెండు కుట్టుమిషన్లూ ప్రభువు దయవల్ల బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ మరదలూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ‘ప్రభువు దయవల్ల’ అని కొత్తగా రాశానని నవ్వకు. మీ వదిన ఇప్పటికే నవ్వేసింది.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. మోకాలి నొప్పి తగ్గింది గానీ, ప్రార్థనలో మోకరించమంటే మాత్రం కాస్త మొరాయిస్తోంది. పాత మిషను అమ్మలేదు. మీ వదిన నాతో పోట్లాడటం మానేసిందా అన్నావు. మానలేదు. ఇంతకుముందు మాటకు మాట అనేవాణ్ణి, ఇప్పుడు శాంతంగా వింటున్నాను. దాంతో ఆవిడకు మరింత ఒళ్ళు మండుతోంది.

అసలు చర్చికి ఎలా వెళ్ళావని అడిగావు. పాటలు పాడేవాళ్ళకు అంగీలు కుట్టి ఇవ్వడానికి వెళ్ళాను. పాస్టరు గారు ప్రసంగిస్తున్నారు. మధ్యలో లేచి వస్తే బాగుండదని వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఎంత చెడ్డవాడు తిరిగొచ్చినా యేసు ప్రభువు తోసెయ్యడనీ, మనం చేసిన తప్పులు తన మీద వేసుకుని ఆయన సిలువ ఎక్కాడనీ చెప్పారు. ఒకరి తప్పు ఇంకొకరు మోయడం అన్న మాట దగ్గర, కుట్టి తెచ్చిన అంగీతోనే కళ్ళు తుడుచుకున్నాను. ఎర్రటి కళ్ళతో ఇంటికొస్తే మీ వదిన జలుబనుకుని ఆవిరి పట్టించింది.

బాప్తిస్మం ఫోటో పంపమన్నావు. ఫోటో అయితే ఉంది. అందులో నేను నీళ్ళలోంచి పైకొస్తున్నాను. తల మాత్రం తడవలేదు.

ఏం జరిగిందంటే, పాస్టరు గారు బాప్తిస్మం తొట్టిలో నడుము లోతు నీళ్ళలో నిలబడి నా కోసం చేతులు చాచారు. నేను తెల్లబట్టలతో మూడు మెట్లు దిగాను. నాలుగోదానికి కాళ్ళు కదల్లేదు. ఏమయ్యా అని ఆయన దగ్గరికొస్తే, నా కడుపులో ఉన్న సంగతి ఆయన చెవిలో ఊదాను. తమ్ముడికి చెప్పావా అని అడిగారు. దేవుడికి పదిసార్లు చెప్పుకున్నానండీ అన్నాను.

“దేవుడికి ముందే తెలుసయ్యా. తెలియనిది మీ తమ్ముడికి,” అన్నారాయన.

క్షమాపణ దేవుడు ఊరికే ఇస్తాడు, ఉత్తరం రాసి సంపాదించుకునేది కాదు, రా, అని కూడా అన్నారు పాపం. నేనే గిరుక్కున తిరిగి మెట్లెక్కాను. పాడేవాళ్ళు ఏం చెయ్యాలో తోచక అదే చరణం ఐదుసార్లు పాడారు. మీ వదిన తువ్వాలు పట్టుకొచ్చి, నీళ్ళు అంత చల్లగా ఉన్నాయా అని అందరి ముందూ అడిగింది.

ఆ సాయంత్రమే నీకు ఫోన్ చేశాను. నీ గొంతు వినగానే ధైర్యం చాలక, ఎండల గురించి పావుగంట మాట్లాడి పెట్టేశాను. ఇంతసేపూ మోకాలూ మిషనూ అంటూ డొంకతిరుగుడుగా రాస్తున్నదీ అందుకే.

ఒరేయ్, ఆ పెళ్ళికొడుకు కోటు సంగతి. పదకొండేళ్ళయింది. అతను అద్దం ముందు తొడుక్కుంటే కుడిచెయ్యి వెనక్కి మెలితిరిగి, వీపు గోక్కుంటున్నట్టు నిలబడ్డాడు. చూస్తే కోటుకు రెండూ ఎడమ చేతులే. కొట్టు నిండా జనం ఉండగా, కత్తెర పట్టడం రాని వెధవా అని నిన్ను తిట్టాను. నువ్వు తల వంచుకున్నావు. వారం తిరక్కుండా ఊరొదిలి వెళ్ళావు. ఇప్పటికీ ఆ బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టుకుంటూ, నాది కోతకు పనికిరాని చెయ్యి అంటావు. పోయిన ఉత్తరంలోనూ అదే రాశావు.

ఆ కోటు నువ్వు కత్తిరించలేదురా. ఆ రోజు నువ్వు కత్తిరించింది నాలుగు. ఐదోది నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు నేను కత్తిరించి నీ కట్టలో పెట్టాను, నీ కట్టలో ఉంది కాబట్టి నువ్వూ అది నీదే అనుకున్నావు. ఒక చెయ్యి కోశాక రెండోదానికి నమూనా కాగితం తిరగేసి గీసుకోవాలి కదా, హడావుడిలో తిరగేయలేదు. పెళ్ళికొడుకు కేకలేస్తుంటే నాకు పరువు గుర్తొచ్చింది. పక్కన నువ్వున్నావు, నీ మీదికి తోసేశాను. మర్నాడు చెబుదామనుకున్నాను. ఆ మర్నాడు పదకొండేళ్ళు సాగింది.

ఇందాకే మీ వదినకు చెప్పాను. ఈసారి పోట్లాటకు దిగలేదు. మా కాపురంలో అలా ఎప్పుడూ జరగలేదు, నాకు భయమేసింది. తర్వాత కంచం తీసేసి, ఆ చోట కాగితం పెట్టి, ముందు ఇది కానివ్వు అంది. ఆకలితోనే రాస్తున్నాను.

నన్ను క్షమించరా. సిగ్గుతో చచ్చిపోతున్నాను. నీకు కోపం వస్తే రానీ. తిట్లన్నీ రాసి పంపు, ఒక్కటీ వదలకుండా చదువుకుంటాను. దేవుడు నన్ను క్షమించాడని నమ్ముతున్నాను, కానీ నిన్ను అడక్కుండా ఆ నీళ్ళలో తల ముంచలేకపోయాను.

నా మీద ఎంత కోపమైనా ఉంచుకో, కత్తెర మీద మాత్రం వద్దు. రేపే చేతిలోకి తీసుకో. ఆ రోజు నువ్వు కత్తిరించిన నాలుగు కోట్లలో ఒక్కటి కూడా తిరిగి రాలేదురా.

ఇట్లు,
ఐదో కోటు కత్తిరించిన
నీ అన్నయ్య