వెదురు పలకల మధ్యమం

1924 నవంబరు 2, ఆదివారం

వాన వెలిసింది. ఫిడేలు తీగలు ఇక బిగువు నిలుపుకుంటాయి.

నిన్న నాటకంలో గోవిందరావు పద్యానికి మూడుసార్లు వన్స్‌మోర్. రేవు కూలీలు బెంచీలెక్కారు. ఒక్కోసారికి ఒక్కో గుక్క రాగం పొడిగించాడు. వెనకాలే నా ఫిడేలు... బాగుంది, కాదనను. కానీ బర్మా వచ్చిన ఈ పదకొండేళ్ళుగా అవే ఆరు రాగాలు.

నవంబరు 5

చిమిండైంగ్ పేటకి వెళ్ళాను. ఊ మౌంగ్ లే ఇల్లు నదికి ఎదురుగా. పతలా వాయిస్తాడు ముసలాయన. పడవలాంటి పెట్టె మీద వేలాడే వెదురు పలకలు, చేతుల్లో రెండు కర్రలు. నన్ను సయా అంటాడు, నేనూ ఆయన్ని సయా అంటాను. ఇద్దరం గురువులమే, శిష్యుడెవరో తేలలేదు.

ఆయన మధ్యమం మనకంటే కాస్త పైన. నిషాదం కాస్త కింద. హార్మోనియంలో ఆ చోట్లు లేవు. ఫిడేలులో ఉన్నాయి — వేలు వెతుక్కోవాలి.

నవంబరు 9

దొరకలేదు.

నవంబరు 13

దొరికింది. సరిగ్గా ఆ పలక మోగిన చోటే నా వేలూ నిలిచింది. ఆయన కర్రలు ఆపలేదు. తల మాత్రం ఊపాడు.

ఆ మధ్యమం పట్టుకుని ఒక వరస కడుతున్నాను. ముందు మన పద్ధతిలో ఆలాపన, తర్వాత ఆయన నడక, చివర ఇద్దరం కలిసి. ఇంట్లో వాయిస్తుంటే మా ఆవిడ పైడమ్మ బియ్యం ఏరుతూ అంది — "మొన్నటిదాకా పిల్లి అరిసినట్టుండీది. ఇప్పుడు మనిసి పిలిసినట్టుంది."

ఈ వారానికి ఇది చాలు.

నవంబరు 18

పబేడాన్ బజారులో సేటు ప్లేట్ల దుకాణం. కలకత్తా నుంచి గ్రామఫోను దొర వస్తున్నాడట, పాట పట్టే మైనపు పలకలతో. గోవిందరావు పద్యాలు కావాలి, రెండు ప్లేట్లు, నాలుగు పక్కలు. ఫిడేలు నేను.

ఒక్క పక్క మా వరసకి ఇమ్మన్నాను. మాటలున్నాయా అన్నాడు. లేవన్నాను. మాటలు లేనిది ఎవరు కొంటారని టీ తెప్పించాడు. ఆ చోట ఒక హాస్యపు పాట వేస్తే బాగా పోతుందట. టీ మాత్రం మంచిది.

నవంబరు 22

తప్పు జరిగింది. పద్యం మధ్యలో నా వేలు దానంతటది ఊ మౌంగ్ లే మధ్యమం మీదికి పోయింది. గోవిందరావు రాగం ఆపి వెనక్కి తిరిగి చూశాడు. అంత జనంలో.

నాటకం అయ్యాక శేషయ్యగారు వచ్చారు. కంపెనీ ఆయనది. అరవలేదు. "సత్యం, జనం వొచ్చీది ఆ పజ్జెం కోసం. నీ సెవి మరెక్కడో ఉంది. ఏది కావాలో నువ్వే తేల్చుకో." కాకినాడలో ఒక ఫిడేలాయన ఈ చోటు కోసం ఉత్తరాలు రాస్తున్నాడని కూడా చెప్పారు.

కోపం రాలేదు. నేను ఓడ దిగిన రోజున ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టిన మనిషి. పైగా తప్పింది నా శ్రుతే.

నవంబరు 25

ఇప్పుడు రోజూ పొద్దున రెండు సాధనలు. ఒక గంట పద్యాల శ్రుతి, ఒక గంట వెదురు శ్రుతి. పైడమ్మ చేపలమ్మే ఆమెతో బర్మా భాషలో బేరమాడి, ఇటు తిరిగి నాతో తెలుగులో మాట్లాడుతుంది. తడబడదు. వేళ్ళకెందుకు రాదు?

నవంబరు 29

నాటకం. ఒక్కచోటా తప్పలేదు. శేషయ్యగారు పక్క తెర దగ్గర నిలబడి మొత్తం విన్నారు.

నవంబరు 30

గోవిందరావే నన్ను సేటు దగ్గరికి లాక్కుపోయాడు. నేను అడగలేదు. సేటుతో నిలబడే చెప్పాడు — "మూడు పక్కలు నేను పాడతాను. నాలుగోది ఈడిది. కాదంటే నేనూ రాను." సేటు గడ్డం నిమురుకుని సరే అన్నాడు.

దారిలో ఎందుకలా అన్నావని అడిగాను. ఆ రోజు నేను వేసిన తప్పు స్వరం వారం నుంచి బుర్రలో తిరుగుతోందట. స్నానం చేస్తుంటే కూడా.

డిసెంబరు 4

రికార్డు. కిటికీలన్నీ మూసిన గది, గోడలోంచి పొడుచుకొచ్చిన బూరా. గోవిందరావు పద్యాలు చులాగ్గా అయిపోయాయి. తర్వాత మేము. పతలా మోత ఎక్కువైందని దొర ముసలాయన్ని గుమ్మం దాకా జరిపాడు, నన్ను బూరాలోకి దూర్చినంత పని చేశాడు. ముగింపు రాకముందే మైనం అయిపోయింది. మూడు నిమిషాలే.

ఆలాపన కోయాలి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఊ మౌంగ్ లే నా ముఖం చూస్తూ కూర్చున్నాడు. సగానికి కోశాను. రెండో మైనం మీద సరిగ్గా పట్టింది. కోశాక తెలిసింది, పోయిన సగం నా గొప్ప కోసమే అని.

డిసెంబరు 5

ఒళ్ళెరగని నిద్ర. పైడమ్మ చేపల పులుసు.

1925 మార్చి 8, ఆదివారం

కలకత్తా నుంచి నమూనా ప్లేటు వచ్చింది. దుకాణంలో సేటు, ఊ మౌంగ్ లే, నేను. పద్యం మోగగానే గుమ్మం నిండా రేవు కూలీలు. మళ్ళీ వెయ్యమన్నారు. వేశాడు. తర్వాత ప్లేటు తిరగేశాడు.

ఇద్దరు వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు నిలబడ్డారు. ముల్లు ఎత్తాక, తలపాగా చంకలో పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన అడిగాడు — "ఇదేటి బాబూ, మనదా, ఆళ్ళదా?"

సేటుకీ అదే కావాలి, తెలుగు ప్లేట్ల అరలో పెట్టాలా, బర్మా ప్లేట్ల అరలోనా అని. తెలిస్తేగాని ఎన్ని తెప్పించాలో రాయడట. రేపు చెబుతానన్నాను. ఆ మనిషి ఏమన్నాడని ఊ మౌంగ్ లే అడిగాడు. బర్మా భాషలో చెప్పాను. నవ్వలేదు. నీకు తెలిస్తే నాకూ చెప్పు సయా, అన్నాడు.

ఇంటికొచ్చి పైడమ్మని అడిగాను. "ఇనకుండా ఏటి సెప్పను? తెండి, ఇనీసి సెప్తాను" అంది.

సేటు ఆ ప్లేటు, గ్రామఫోను పెట్టె ఒక్క పూటకి ఇస్తాడో లేదో...