కుర్చీ వదలొద్దక్కా

మార్చి 3

నవ్వుతూ గొంతు కోసేవాళ్ళలో మా బావ మొదటివాడు. అక్కా, తనూ కలిసి పెట్టిన సాఫ్ట్‌వేర్ కంపెనీని తీసుకెళ్ళి ఓ పెద్ద కంపెనీలో కలిపేస్తాడట. ఛైర్మన్ కదా! కలిపితే అక్క నడిపే రెండో ఫ్లోర్ మూతపడుతుంది. రెండు వందల పది మంది. వాళ్ళకేం చెప్తావని అక్క అడిగితే, ఎమోషన్స్ ఇంట్లో పెట్టి రావాలన్నాడు. కట్టుకున్న భార్యని, బోర్డు మీటింగులో, అందరి ముందూ.

అక్క లేచి, తలుపు ధడేల్మని వేసి వెళ్ళిపోయింది. చిన్నప్పట్నుంచీ అంతే, కోపమొస్తే అన్నం ముందు నుంచైనా లేచిపోతుంది. బావకిది ఇరవై ఏళ్ళుగా తెలుసు. వెంటనే ఓటింగ్ పెట్టాడు. డైరెక్టర్లు నలుగురే. బావా, పెట్టుబడి పెట్టిన ఆయనా ఒకవైపు. అక్కా, ఆమెకి చదువు చెప్పిన మాస్టారూ ఒకవైపు. అక్క లేదు కాబట్టి ఇద్దరికి ఒక్కరు. బేరం మాట్లాడుకోవడానికి ఓకే అయిపోయింది.

నేను కంపెనీ సెక్రటరీని. ఓటు లేదు. నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు కూర్చుని మినిట్స్ రాసుకున్నాను.

మార్చి 4

మినిట్స్‌లో అక్క నిరసన తెలిపి వెళ్ళిపోయిందని రాశాను. బావ పిలిచి, అది కొట్టేసి గైర్హాజరు అని రాయమన్నాడు. కొనేవాళ్ళు చదువుతారు, మనింటి గొడవ వాళ్ళకెందుకమ్మడూ అన్నాడు. ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. రాశాను. సంతకం పెట్టాను.

ఛీ.

మార్చి 9

కంపెనీని కలిపెయ్యడం మీద చివరి ఓటు పన్నెండున. సరిసమానమైతే ప్రతిపాదన పోయినట్టే, మా రూల్స్‌లో ఛైర్మన్‌కి రెండో ఓటు లేదు. అంటే అక్క కూర్చుంటే చాలు. ఉత్తినే కూర్చోవడం!

వెళ్ళి చెప్పాను. బావ ఏమన్నా సరే, చచ్చిపోయిన అమ్మని అన్నా సరే, కుర్చీ వదలొద్దని. తాడేసి కట్టుకుంటాలేవే అని నవ్వింది. సంతకం సంగతి చెప్పబోయాను. టీ తాగి వచ్చేశాను.

మార్చి 11

రేపు ఓటు అయిపోయాక చెప్తాను.

మార్చి 12, మధ్యాహ్నం రెండు

బావ ఎన్ని అన్నాడో! నీకు లెక్కలు రావన్నాడు, నీది మొండితనమన్నాడు. అక్క పెన్ను మూత తీస్తూ, పెడుతూ కూర్చుంది. కదల్లేదు. లోపల్లోపల ఎగిరి గంతేశాను.

అప్పుడు తీరిగ్గా ఫైలు తెరిచాడు. పోయిన మీటింగుకి రానివాళ్ళకి ఇప్పుడింత పట్టుదలేమిటో అన్నాడు. రాలేదని ఎవరన్నారంది అక్క. ఆ మినిట్స్ కాగితం ఆమె ముందుకు తోశాడు.

అక్క కింద సంతకం చూసింది. నన్ను చూసింది. లేచింది.

కూర్చో అక్కా అని అరవాల్సింది. అరవలేదు. ఇద్దరికి ఒక్కరు. అయిపోయింది.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బావ పట్టాడు, వాడుకున్నాడు. వాణ్ణి తిడదామని పెన్ను తీస్తే తిట్లన్నీ నాకే తగులుతున్నాయి.

మార్చి 13

మినిట్స్ కోసం బావ మూడుసార్లు ఫోన్ చేశాడు. పంపాను. 11.42కి అక్క లేచి వెళ్ళింది అని ఉంది. అక్క అని కాదు, డైరెక్టర్ అని రాయాలి. మార్చను.

తలుపు మెల్లగా వేసింది. అదీ రాశాను.